మీ సందేహం, మా సమాధానం: ఆదివారం డ్యూటీ నుంచి అస్థికల దాకా

విశాఖ, చుట్టుపక్కల కతోలిక విచారణల (పారిష్‌ల) నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు. చాలామంది "ఇది పాపమా కాదా, ఒక్క మాటలో చెప్పండి" అని అడిగారు. కొన్నిటికి ఒక్క మాట సరిపోయింది, మిగతావాటికి సరిపోలేదు.

స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నెలలో రెండు మూడు ఆదివారాలు పనిలోనే పోతాయి. ఇంటికొచ్చాక యూట్యూబులో పూజ చూస్తున్నాను. సరిపోతుందా? (కూర్మన్నపాలెం)

సరిపోదు. అలాగని మీరు పాపంలో ఉన్నారనీ కాదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే కంగారు పుడుతుంది.

శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1248 ప్రకారం ఆదివారం బాధ్యత తీరాలంటే దివ్యబలి పూజలో (మాస్‌లో) స్వయంగా పాల్గొనాలి. ఆదివారం ఏ వేళైనా, లేదా శనివారం సాయంత్రం అయినా ఫర్వాలేదు. మీ విచారణే కానక్కర్లేదు, ఏ కతోలిక దేవాలయమైనా సరే. తెరమీద చూసింది ప్రార్థన అవుతుంది, మంచం పట్టినవాళ్లకి ఎంతో ఊరట కూడా. కానీ పాల్గొనడం కిందికి రాదు.

ఇక మీ షిఫ్టుల లెక్క చూద్దాం. ఎ షిఫ్టు రెండింటికి దిగుతుంది కాబట్టి సాయంత్రం పూజ దొరుకుతుంది. బి షిఫ్టుకి ఎక్కేది రెండింటికి, ఉదయం పూజ మీదే. శనివారం రాత్రి సి షిఫ్టు చేసి ఆదివారం ఆరింటికి దిగితే అప్పుడే వెళ్లి కునికిపాట్లు పడే కన్నా, నిద్రపోయి సాయంత్రం వెళ్లండి. ఊళ్లోని నాలుగైదు దేవాలయాల పూజా సమయాలు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించుకుంటే, నిజంగా వీలుపడని ఆదివారాలు చాలా తగ్గిపోతాయి. డబుల్ డ్యూటీ పడి అసలే కుదరకపోతే ఆ వారం మీకు బాధ్యత లేదు, పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) చెప్పుకోవాల్సిన పనీ లేదు. ఆ రోజు సువిశేష పఠనం ఇంట్లో చదువుకుని ఇంటిల్లిపాదీ ప్రార్థన చేసుకోండి.

ఓటీ డబ్బుల కోసం మనమే అడిగి ఆదివారం వేయించుకోవడం మాత్రం వేరే సంగతి. దాన్ని "డ్యూటీ పడింది" అనకూడదు. పక్క షిఫ్టు హిందూ మిత్రుడికి సంక్రాంతికీ ఉగాదికీ మీరు నిలబడితే, ఈస్టరుకి ఆయన నిలబడతారు. ప్లాంటులో ఈ మార్పిళ్లు ఎప్పటినుంచో ఉన్నవే.

సత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే పవిత్ర అప్పానికి) ముందు ఉపవాసం ఒక గంట. ఆ గంటని పూజ మొదలయ్యే వేళకి కాదు, సత్ప్రసాదం తీసుకునే వేళకి లెక్కేయాలి. ఏడు గంటల పూజకి ఆరుంపావుకి టీ తాగి వచ్చినా ఇబ్బంది లేదు. మంచినీళ్లకీ మందులకీ అసలు నిషేధమే లేదు. ఇంకో మాట: డిసెంబరు 8న కొండగుడి (కొండమీది మరియమాత గుడి) పండక్కి మెట్లెక్కి వెళ్లడం మంచి భక్తే గానీ, అది ఆదివారం బాకీ కింద జమ పడదు.

పాపసంకీర్తనం చేసి పదకొండేళ్లయింది. ఎలా మొదలుపెట్టాలో మరిచిపోయాను. రెండో కాన్పులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను, అది చెప్పాలంటే భయం. వాట్సాప్‌లో రాసి పంపితే ఫాదర్ గారు క్షమిస్తారా? (మద్దిలపాలెం)

వాట్సాప్‌లో కుదరదమ్మా, ఫోనులోనూ కుదరదు. గురువు (ఫాదర్) ముందు మనిషి ఉండాలి. అంతర్జాలంలో దివ్యసంస్కారాలు (పాపసంకీర్తనం, సత్ప్రసాదం లాంటివి) ఉండవని 2002లోనే రోము స్పష్టంగా చెప్పింది. చాటింగులో రాసిన పాపం ఎవరి ఫోనులో ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. సంకీర్తన స్థలంలో చెప్పినదాన్ని మాత్రం గురువు కోర్టుకి కూడా చెప్పకూడదు. బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి అవుతాడు.

ముందురోజు ఒక అరగంట కూర్చోండి. పది ఆజ్ఞలు ఒక్కొక్కటే చదువుతూ ఆత్మశోధన చేసుకోండి. ఫోనులో కాదు, చిన్న కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక చింపేయండి. చావైన పాపం కావాలంటే మూడూ ఉండాలి: విషయం గంభీరమైనది కావాలి, అది గంభీరమని మీకు తెలిసి ఉండాలి, ఇష్టపూర్వకంగా చేసి ఉండాలి. అలాంటివన్నీ రకం, లెక్క రెండూ చెప్పాలి. పదకొండేళ్ల లెక్క ఎవరికీ గుర్తుండదు కాబట్టి "నెలకి ఒకటి రెండుసార్లు, సుమారు మూడేళ్లు" అంటే చాలు. స్వల్ప పాపాలు చెప్పడం మంచిదే, తప్పనిసరి కాదు.

లోపలికి వెళ్లాక శిలువ గుర్తు వేసుకుని, "తండ్రీ, నన్ను ఆశీర్వదించండి, నేను పాపం చేశాను. సంకీర్తనం చేసి పదకొండేళ్లయింది. ఎలా చేయాలో మరిచిపోయాను, సాయం చేయండి" అనండి. ఆ చివరి మాట విన్నాక మిగతాది గురువే నడిపిస్తారు. ఉత్తమ మనస్తాప జపం నోటికి రాకపోతే పుస్తకం చూసి చదవచ్చు, సొంత మాటల్లో చెప్పినా చెల్లుతుంది.

సంకీర్తనం ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మొదటిది, మాటలు గుండ్రంగా ఉండటం. "అన్యాయం చేశాను ఫాదర్" అంటే ఏమీ చెప్పనట్టే. "ఇంటి పంపకంలో తమ్ముడికి రావాల్సిన వాటా దాచి సంతకం పెట్టించుకున్నాను" అనాలి. రెండోది, అత్తగారి పాపాలూ ఆడపడుచు పాపాలూ మనం చెప్పడం. లైనులో వెనక నిలబడ్డవాళ్లకి ఇది బాగా తెలుసు. మూడోది, అన్నిటికన్నా ప్రమాదమైనది: సిగ్గుపడి ఒక చావైన పాపాన్ని కావాలని దాచడం. అలా దాస్తే చెప్పినవాటికి కూడా క్షమాపణ అందదు, పైగా అదొక కొత్త పాపం. నిజంగా మరిచిపోయినవి మాత్రం మిగతావాటితోపాటే క్షమించబడతాయి, గుర్తొచ్చినప్పుడు తర్వాతి సంకీర్తనంలో చెబితే చాలు. నాలుగోది, తమ్ముడి వాటా తిరిగివ్వకుండా మూడు మంగళవార్త జపాలతో సరిపెట్టుకోవాలనుకోవడం.

ఇక ఆపరేషన్ సంగతి. పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్ తప్పని 1968లో ఆరవ పౌలు పాపుగారు (పోప్) 'హుమానే వీతే' లేఖలో చెప్పింది ఈనాటికీ మారలేదు. అయితే కాన్పు బల్ల మీద, నొప్పుల్లో, అత్తింటివాళ్లూ నర్సమ్మా కలిసి సంతకం పెట్టమంటే పెట్టిన మనిషి బాధ్యతా, అన్నీ తెలిసి ప్లాను చేసుకున్న మనిషి బాధ్యతా ఒకటి కాదు. జరిగింది జరిగినట్టు ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. మళ్లీ ఆపరేషన్ చేయించుకుని ట్యూబులు కలిపించుకోవాలని శ్రీసభ అడగదు. పశ్చాత్తాపపడి క్షమాపణ పొందాక మీ దాంపత్య జీవితానికి ఏ అడ్డూ లేదు. ఈ ఒక్క విషయం తెలియక ఏళ్ల తరబడి సత్ప్రసాదానికి దూరంగా, వెనక బల్లల్లో కూర్చుండిపోయే తల్లులున్నారు.

శనివారం సాయంత్రం పూజకి పావుగంట ముందు వెళ్తే తొందరలో అయిపోతుంది. మీలాంటి వారు వారం మధ్యలో గురువుని వేళ అడిగి వెళ్లడం మంచిది. మీ విచారణలో మొహమాటమైతే జ్ఞానాపురమో పాతపోస్టాఫీసు వైపో, ఇంకెక్కడికైనా వెళ్లండి.

పక్క ఫ్లాటు ఆవిడ సింహాచలం ప్రసాదం తెచ్చిస్తారు. తినొచ్చా? (ఎంవీపీ కాలనీ)

పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ పదో అధ్యాయంలో చెప్పింది సూటిగా ఉంది: పెట్టినది అడక్కుండా తినండి, కానీ ఇది నైవేద్యం పెట్టినదని ఎవరైనా చెబితే వాళ్ల మనస్సాక్షి కోసం తినకండి. ప్రసాదమని చెప్పే ఇస్తున్నారు కాబట్టి, "మేం ప్రసాదం తీసుకోమండి, ఏమీ అనుకోకండి" అని నవ్వుతూ మొదటిసారే చెప్పేయండి. తీసుకుని చెత్తబుట్టలో వేయడం అన్నిటికన్నా అధ్వాన్నం. సంక్రాంతికి ఆవిడ ఇచ్చే అరిసెలూ జంతికలూ పొరుగింటి ప్రేమే, హాయిగా తినండి. క్రిస్మస్‌కి మీరూ ఇవ్వండి.

మా అమ్మాయి, తనతో పనిచేసే హిందూ అబ్బాయి పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. అబ్బాయి మంచివాడే. వాళ్ల పెద్దలు ఉదయం చర్చిలో, రాత్రి ముహూర్తానికి కల్యాణ మండపంలో, రెండు పద్ధతుల్లోనూ చేద్దామంటున్నారు. తప్పేముంది? పెళ్లికి ముందు అబ్బాయికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పిస్తే సులువవుతుందా? (సీతమ్మధార)

చివరి ప్రశ్నతో మొదలుపెడతాం. కేవలం పెళ్లి కోసం ఇప్పించే జ్ఞానస్నానం వద్దు. పెద్దవాళ్లకి జ్ఞానస్నానం అంటే నెలల తరబడి, చాలాచోట్ల ఏడాది దాకా సత్యోపదేశం ఉంటుంది. విశ్వాసం కలిగి తీసుకోవాల్సినదాన్ని మండపం బుకింగుకి ముడిపెడితే ఆ అబ్బాయికీ అన్యాయమే, సంస్కారానికీ అవమానమే. రేపు ఇంట్లో మాటా మాటా వస్తే "మీ కోసం మతం మారాను" అన్న దెప్పు మిగులుతుంది. అతను హిందువుగానే ఉండి మీ అమ్మాయిని పెళ్లాడటానికి శ్రీసభలో దారి ఉంది.

ఆ దారి ఇది. జ్ఞానస్నానం పొందినవారికీ పొందనివారికీ మధ్య పెళ్లి, చట్టం 1086 ప్రకారం, అనుమతి లేకుండా చేస్తే చెల్లదు. ఆ అనుమతి ఇవ్వాల్సింది అగ్రపీఠాధిపతులు (ఆర్చిబిషప్). దరఖాస్తు మీ విచారణ గురువు ద్వారా వెళ్తుంది. పెళ్లి తేదీకి కనీసం మూడు నెలల ముందు, వీలైతే ఆరు నెలల ముందు ఆయన్ని కలవండి. హాలుకి అడ్వాన్సు ఇచ్చేసి, శుభలేఖలు అచ్చేయించి, పదిహేను రోజుల ముందు వచ్చి "సంతకం పెట్టండి ఫాదర్" అనడమే ఈ వ్యవహారాల్లో తరచూ జరిగే పొరపాటు.

మీ అమ్మాయికి కావాల్సినవి: జ్ఞానస్నాన పత్రం, అదీ ఆరు నెలల లోపు తీసినది, ఎందుకంటే పెళ్లి అయిందీ లేనిదీ ఆ రిజిస్టరు అంచునే రాసి ఉంటుంది, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) పత్రం, పెళ్లికి అడ్డు లేదని విచారణ గురువు ఇచ్చే పత్రం. చిన్నప్పుడు తీసి లామినేషన్ చేయించిన పత్రం పనికిరాదు. జ్ఞానస్నానం శ్రీకాకుళం వైపు ఏ పల్లె విచారణలోనో జరిగుంటే ముందే కబురు పెట్టండి. అబ్బాయికి పుట్టిన తేదీ ఆధారం, చిరునామా ఆధారం, ఫోటోలు, అతనికి ఇంతకుముందు పెళ్లి కాలేదని సాక్ష్యమిచ్చే ఇద్దరు కావాలి. ఇద్దరూ కలిసి వివాహ శిక్షణ తరగతులకి రావాలి.

ప్రమాణం చేయాల్సింది మీ అమ్మాయి. తన విశ్వాసాన్ని వదలననీ, పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి తన శక్తి కొద్దీ ప్రయత్నిస్తాననీ ఆమె ప్రమాణం చేస్తుంది. అబ్బాయి ఆ ప్రమాణం చేయనక్కర్లేదు, కానీ ఆమె ఏం ప్రమాణం చేసిందో అతనికి స్పష్టంగా చెప్పి ఉండాలి. ఇక్కడ "అవన్నీ తర్వాత చూసుకుందాం, ముందు పెళ్లి కానీ" అనే పెద్దలే పిల్లలకి హాని చేస్తున్నారు. బారసాల ఎవరి పద్ధతిలో, ఇంట్లో దేవుడి గది ఉంటుందా, ఆదివారం పొద్దున ఆమె పూజకి వెళ్తే ఎవరికైనా అభ్యంతరమా, పుట్టువెంట్రుకలు తీయించాలని అత్తగారు పట్టుబడితే ఏం చేస్తారు: ఈ నాలుగూ నిశ్చితార్థానికి ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. జవాబులు కుదరకపోతే ఆ సంగతి పెళ్లికి ముందు తెలియడమే మేలు.

రెండు పెళ్లిళ్లు మాత్రం కుదరవు. దేవాలయంలో సమ్మతి చెప్పుకున్నాక, లేదా అంతకు ముందు, అదే సమ్మతిని ఇంకో మత పద్ధతిలో మళ్లీ చెప్పుకోకూడదని చట్టం 1127 అంటోంది. సమ్మతి ఒక్కసారే పుడుతుంది. ఉదయం పెళ్లయిపోయిన జంట రాత్రి పెళ్లికాని జంటలా పీటల మీద కూర్చోవడం ఆ పురోహితుడికి కూడా మర్యాద కాదు. వియ్యంకుల ముచ్చటకి లోటు చేయనక్కర్లేదు. పట్టుచీర, పూలదండలు అన్నీ ఉంటాయి. మన తెలుగు కతోలికుల పెళ్లిలో మంగళసూత్రాన్ని గురువు ఆశీర్వదించాకే వరుడు కడతాడు. రాత్రికి మండపంలో విందు, సన్నాయి, అక్షింతలతో పెద్దల దీవెనలు పెట్టుకోండి. హోమం, సప్తపది లేకుండా ఉంటే చాలు. తేదీ విషయంలో, వాళ్లకి అనువైన రోజుకి ఒప్పుకోవడం మర్యాదే. ముహూర్త బలాన్ని నమ్మి ఒప్పుకుంటే మాత్రం అది మొదటి ఆజ్ఞకి విరుద్ధం. తపస్సుకాలంలో (ఈస్టరుకి ముందు నలభై రోజుల్లో) ఆర్భాటమైన పెళ్లి పెట్టుకోకండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. మండపంలో పురోహితుడు చేసిన పెళ్లినే అసలు పెళ్లిగా చూపించాలనుకుంటే చిక్కుల్లో పడతారు: క్రైస్తవుడు, హిందూ యువతి గుడిలో చేసుకున్న పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసుతో చేసుకునే రిజిస్టర్ పెళ్లి ప్రభుత్వం దృష్టిలో పూర్తిగా చెల్లుతుంది, కానీ కతోలిక అమ్మాయికి శ్రీసభ దృష్టిలో అది పెళ్లి కాదు. ఇప్పటికే అలా చేసుకుని సత్ప్రసాదానికి దూరమైనవాళ్లు ఈ జవాబు చదువుతుంటే, సరిదిద్దుకునే పద్ధతి ఉంది, విచారణ గురువుని కలవండి.

ఆన్‌లైన్ రమ్మీలో ఎనభై వేలు పోయాయి, అంతకుముందు కొంత గెలిచాను. గెలిచినదాంట్లో దశమభాగం చర్చికి ఇచ్చాను. ఇది జూదమా? (గాజువాక)

జూదమే. సరదాకి పేకాడటం దానంతట అది అన్యాయం కాదని కతోలిక సత్యోపదేశ గ్రంథం 2413వ పేరా ఒప్పుకుంటుంది. తన కుటుంబానికో ఎదుటివాడికో బతకడానికి కావాల్సిన డబ్బు పందెంలోకి వెళ్తే మాత్రం తప్పంటుంది. పైగా ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని 2020 సవరణతోనే నిషేధించారు. ఫోనులో లొకేషన్ మార్చి ఆడితే దానికి అబద్ధం తోడవుతుంది.

చేయాల్సింది ఇది. ఈరోజే యాప్ తీసేయండి. జీతం పడే ఖాతా యూపీఐ రోజువారీ పరిమితిని బ్యాంకు యాప్‌లో వెయ్యికో రెండు వేలకో తగ్గించి, ఏటీఎం కార్డు ఇంట్లో పెద్దవాళ్లకి ఇవ్వండి. లోన్ యాపుల బాకీలన్నీ ఒక కాగితం మీద వేసి నాన్నగారికి చూపించండి. ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు, చాలామంది ఇక్కడే ఆగిపోయి, పోయినది రాబట్టాలని మళ్లీ ఆడతారు. అబద్ధం చెప్పి అప్పు తీసుకున్నవాళ్లకి ముందు తీర్చండి. ఆ బాకీలు తీరేదాకా దశమభాగం ఊసెత్తకండి.

నాన్నగారు విద్యుత్ శ్మశానంలో దహనం చేయమన్నారు, చేశాం. బంధువులు అస్థికలు భీమిలి దగ్గర సముద్రంలో కలుపుదామంటున్నారు. తమ్ముడు కొంత ఇంట్లో ఉంచుకుంటానంటున్నాడు. (పెదవాల్తేరు)

దహనంతో ఇబ్బంది లేదు. పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో చేయకపోతే చాలని 1963లోనే అనుమతి వచ్చింది. అయినా సమాధి చేయడమే శ్రీసభకి ఎక్కువ ఇష్టం. సముద్రంలో కలపడం మాత్రం కూడదు. నీళ్లలో, గాలిలో, నేలమీద చల్లకూడదనీ, ఇంటిల్లిపాదీ పంచుకోకూడదనీ, ఇంట్లో ఉంచుకోకూడదనీ 2016లో రోము ఇచ్చిన ఆదేశం చెబుతోంది. పవిత్రాత్మకు దేవాలయంగా ఉన్న దేహం ఎలాంటి గౌరవం పొందుతుందో, దాని శేషం కూడా అదే గౌరవం పొందాలన్నది కారణం. ఇంట్లో పెట్టుకున్న కుండ మనవల కాలానికి ఏ అటక మీదకి చేరుతుందో ఊహించండి. చనిపోయినవారి జీవితంలో ముఖ్యమైన చోట చిన్న భాగం ఉంచడానికి, తగిన జాగ్రత్తలతో శ్రీసభ అధికారులు ఒప్పుకోవచ్చని 2023 డిసెంబరులో ఒక వివరణ వచ్చింది. అది అధికారుల అనుమతితోనే, తమ్ముడి ఇష్టంతో కాదు.

అస్థికలన్నీ మూతగట్టిన పాత్రలో పెట్టి, మీ కుటుంబ సమాధి ఉంటే దాంట్లోనే చోటు తీయించండి. అడుగున్నర గొయ్యి చాలు, కొత్త సమాధి స్థలం కొనక్కర్లేదు. విచారణ గురువు వచ్చి ప్రార్థన చేస్తారు. రాయి మీద పేరు, తేదీలు చెక్కించండి. బంధువులు సముద్రానికి బదులు అక్కడికే రావచ్చు. నవంబరు 1 నుంచి 8 లోపు సమాధుల దగ్గరికి వెళ్లి ప్రార్థించి, పాపసంకీర్తనం, సత్ప్రసాదం, పాపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన, పాపం మీద మమకారం వదులుకోవడం, ఈ షరతులు పాటిస్తే ఉత్తరించు స్థలంలోని (మరణం తర్వాత శుద్ధి పొందే చోటులోని) ఆత్మకి పరిపూర్ణ ఫలం (పాపాల వల్ల పడాల్సిన శిక్ష పూర్తిగా తొలగడం) అందించవచ్చు. ఇప్పటికే తెలియక సముద్రంలో కలిపేసిన కుటుంబాలు దిగులు పడకండి. వారి కోసం పూజ చెప్పించండి, సమాధి రాయి మీద పేరైనా రాయించండి.

నాకు షుగరు, వయసు 57. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం ఉపవాసం ఉండాలా? చేపలు తినొచ్చా? (అక్కయ్యపాలెం)

చట్టం ప్రకారం ఉపవాసం 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా, విభూది బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండు రోజులు. ఒక పూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలా కలిపినా ఒక భోజనం కానంత కొద్దిగా తినొచ్చు. రోగులకి మినహాయింపు ఉంది. మీరు ఇన్సులిన్ మీద ఉంటే, లేదా పూట తప్పితే షుగరు 70 కిందికి పడిపోయేవారైతే ఉపవాసం ఉండకండి. డాక్టరు చెప్పిన వేళకి చెప్పినంత తినండి. ఆ రోజుకి టీవీయో, కబుర్ల ఫోనో మానేయండి, మిగిలిన డబ్బు పేదలకి ఇవ్వండి. మందు మానేసి ఉపవాసం చేసి ఆస్పత్రిలో చేరితే అది తపస్సు అనిపించుకోదు.

మాంసం మానాల్సింది 14 నిండినప్పటి నుంచి, దానికి పై వయోపరిమితి లేదు. చేపలు, గుడ్లు, పాలు నిషేధం కాదు. వంజరం పులుసు పెట్టుకున్నా చట్టం మీరినట్టు కాదు. దాని ధర చూస్తే చాలామందికి అది చేతికందదు కూడా. కానీ ఆ రోజు కోసం ప్రత్యేకంగా చేపల మార్కెట్‌కి పోయి విందు చేసుకుంటే మాంసం మానిన ఉద్దేశం ఏమైనట్టు? పప్పుచారు, గుడ్డు చాలు. అందులో ఉప్పు మాత్రం డాక్టరు చెప్పినంతే వేయించుకోండి.